అటక మీది రికార్డు, అలమారలో సీడీ: తేడా అసలు ఎక్కడుంది?

రాజోలు, అమలాపురం, పాలకొల్లు వైపు పాత పెంకుటిళ్ళు విప్పి డాబాలు వేసుకునేటప్పుడు అటక మీంచి ఇత్తడి గుండిగలూ, పందిరిమంచం కోళ్ళూ దిగుతాయి. కొన్ని ఇళ్ళలో వాటి వెనకాలే ఒక రేకు పెట్టెడు రికార్డులూ దిగుతాయి. ఒకప్పుడైతే అవి నేరుగా పాత సామాన్ల బండెక్కేవి. ఇప్పుడు ఇంట్లో కుర్రాడు అడ్డం పడుతున్నాడు. ‘సీడీ కంటే దీంట్లోనే సౌండు బాగుంటుందంట, ఉంచండి’ అంటాడు. ‘గరగర తప్ప ఏముంటుందిరా అందులో’ అంటారు తాతగారు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. అయితే ఇద్దరూ పోలుస్తున్నది రికార్డునీ సీడీనీ కాదు. తాతగారికి గుర్తున్నది అరిగిన ముల్లు కింద నలిగిన రికార్డు. కుర్రాడు సీడీ అనుకుంటున్నది చాలాసార్లు సీడీయే కాదు.

ముందు ఆ రెండోదాని సంగతి చూద్దాం. సోనీ, ఫిలిప్స్ కలిసి 1982లో బజారులోకి తెచ్చిన ఆడియో సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకి 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానళ్ళు. గుణిస్తే సెకనుకి 14,11,200 బిట్లు. ఈ లెక్కన డిస్కులో పట్టేది 74 నిమిషాలు, అంటే పదిహేను, మహా అయితే ఇరవై పాటలు. మరి బస్టాండు పక్క కొట్లలోనూ తీర్థాల్లోనూ ‘పాత బంగారం, 150 పాటలు’ అని అమ్మిన డిస్కులో అన్ని పాటలెలా పట్టాయి? అవి ఎంపీ3లు కాబట్టి. 128 కిలోబిట్ల ఎంపీ3 అంటే అసలు సీడీలో ఉన్న పదకొండు పాళ్ళలో ఒక పాలు ఉంచుకుని పది పాళ్ళు పారేసినది. చెవికి ఆననిదాన్నే పారేస్తుందని సిద్ధాంతం. శ్రద్ధగా చేస్తే అది చాలావరకు నిజం కూడా. కానీ ఆ డిస్కుల్లో ఉన్నవి చాలావరకు క్యాసెట్టు నుంచి ఒకరు, వాళ్ళ దగ్గర్నుంచి ఇంకొకరు తీసిన కాపీకి కాపీలు. తాళాల మోత నీళ్ళలో మోగినట్టు, ‘స’కారాలు ఊదినట్టు వినిపిస్తే ఆ తప్పు సీడీది కాదు. ఒక డిస్కులో పాతిక పాటలు దాటాయంటే అది ఆడియో సీడీ కాదని తేల్చేసుకోవచ్చు.

గాడిలో ఏముంది

ఇక రికార్డు. తాతల నాటి 78 వేగం (నిమిషానికి 78 చుట్లు) రికార్డు లక్కతో చేసింది. కింద పడితే పెంకులా పగులుతుంది. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పాడుతుంది. పద్యనాటకం మొత్తం వినాలంటే పెట్టెడు రికార్డులు కావలసి వచ్చింది అందుకే. 1948లో వినైల్ అనే ప్లాస్టిక్ మీద సన్న గాడితో 33⅓ వేగం ఎల్పీ వచ్చింది, మరుసటి ఏడే 45 వేగం చిన్న రికార్డు. మన సినిమా పాటల్లో ఎక్కువ భాగం ఇళ్ళకి చేరింది ఈ 45 వేగం, ఏడంగుళాల ఈపీల మీదే. వైపుకి రెండేసి పాటలు. కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన కుక్కబొమ్మ (హెచ్‌ఎంవీ) ఈపీలు మన అటకల మీద ఇంకా ఉన్నాయి.

ఎల్పీ ఒక వైపున్న గాడిని ఊడదీసి పరిస్తే అరకిలోమీటరు దరిదాపుల్లో ఉంటుంది. అడ్డంగా కోస్తే అది ‘వి’ ఆకారంలో కనిపిస్తుంది. ఒక గోడ మీద ఎడమ చానల్, రెండో గోడ మీద కుడి చానల్. మోనో రికార్డైతే, అంటే రెండు చానళ్ళలోనూ ఒకే శబ్దమైతే, రెండు గోడలూ కలిసి పక్కలకి మాత్రమే ఊగుతాయి.

చిక్కు మంద్ర స్వరాలతో వస్తుంది. మృదంగం తొప్పి వైపు గుంకీని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి పక్క గాడిలోకి పోతుంది. అందుకని చెక్కేటప్పుడు 20 హెర్ట్జ్ (సెకనుకి 20 కంపనాలు) దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ (శబ్దం బలపు కొలత) తగ్గించి, పైన 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. 1954 నుంచి స్థిరపడ్డ ఈ లెక్కకి ఆర్‌ఐఏఏ అని పేరు. ఫోనో ప్రీయాంప్ అనే చిన్న డబ్బా చేసేది ఈ తిరగేసే పనే. దానితో పాటు బలమూ ఇస్తుంది. ముల్లు కదలికని కరెంటుగా మార్చే మాగ్నెట్ కార్ట్రిజ్ నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టులు, సీడీ ప్లేయరు ఇచ్చేది 2 వోల్టులు, అంటే నాలుగు వందల రెట్ల తేడా. ప్రీయాంప్ లేకుండా హోమ్ థియేటర్ ఆక్స్‌లో గుచ్చితే పాట ఎక్కడో గోదావరి అవతలి ఒడ్డున రేకు డబ్బాలో పాడుతున్నట్టు వినిపిస్తుంది. ప్లేయరులోనే ప్రీయాంప్ ఉండి, దాన్ని ఆంప్లిఫయరు ఫోనో సాకెట్‌లో పెడితే రెండుసార్లు తిరగేసినట్టు అవుతుంది. అప్పుడు గుబురుగా, బొంగురుగా చెవులు పగిలేంత మోత వస్తుంది. ‘రికార్డు సౌండు బాలేదు’ అని వచ్చేవాళ్ళలో చాలామందికి ఉన్న జబ్బు ఈ రెండిట్లో ఒకటి.

రెండో చిక్కు రికార్డు మధ్యకి పోయేకొద్దీ మొదలవుతుంది. ప్లేటు తిరిగే వేగం మారదు గానీ చుట్టుకొలత తగ్గిపోతుంది కదా. ఎల్పీ అంచున ముల్లు కింద సెకనుకి 51 సెంటీమీటర్ల గాడి జారుతుంది. చివరి పాటకి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. 10 కిలోహెర్ట్జ్ శబ్దపు ఒక అల అంచున 51 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే లోపల 21 మైక్రాన్లకి కుంచించుకుపోతుంది. మామూలు గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు. అది ఆ వంపులో పట్టదు. గట్ల మీద నుంచి దొర్లుతూ పోతుంది. ‘శ, ష, స’లు చీదినట్టు వినిపించేది అక్కడే. కోడిగుడ్డు ఆకారపు ముల్లు పక్క అంచు 8 మైక్రాన్లే కాబట్టి అది ఇంకొంచెం లోపలి దాకా తట్టుకుంటుంది. మన ఈపీలకి ఈ బాధ తక్కువ. 45 వేగం వల్ల వాటి లోపలి అంచున కూడా సెకనుకి 25 సెంటీమీటర్ల దాకా గాడి జారుతుంది. అదే పాట ఎల్పీలో ఆఖరున పడి, ఈపీలో మొదట పడితే ఈపీయే కొనండి.

సీడీ మెట్లు మెట్లుగా ఉంటుందా

‘రికార్డులో అల అఖండంగా ఉంటుంది, సీడీలో ముక్కలు ముక్కలుగా కోసి పెడతారు, మధ్యలోది పోతుంది’ అనే మాట అందరూ అంటారు. మెట్ల బొమ్మ గీసి మరీ చూపిస్తారు. ఆ బొమ్మే తప్పు. శబ్దంలో 22,050 హెర్ట్జ్ లోపలివి మాత్రమే ఉంటే, సెకనుకి 44,100 కొలతలతో ఆ అలని ఒకే ఒక్క విధంగా తిరిగి గీయగలం. రెండో విధం లేదు. రెండు చుక్కల గుండా ఒక్క సరళరేఖే పోతుందన్నట్టు అన్నమాట. ప్లేయరు బయటికి ఇచ్చేది మెట్లు కాదు, నునుపైన అలే. మనిషి చెవి వినేది పసితనంలోనే 20,000 హెర్ట్జ్ దాకా. యాభై దాటినవాళ్ళలో చాలామందికి 12,000 పైన ఏమీ వినపడదు.

కొలతల్లో సీడీదే పైచేయి. దాపరికం అక్కర్లేదు. అతి చిన్న శబ్దానికీ అతి పెద్దదానికీ మధ్య ఎడం సీడీలో 96 డెసిబెల్స్, మంచి ఎల్పీలో 55 నుంచి 70. ఎడమ కుడి చానళ్ళు ఒకదాంట్లోకొకటి కారిపోకుండా సీడీ 90 డెసిబెల్స్ దాకా ఆపుతుంది, కార్ట్రిజ్ 20 నుంచి 30 వరకే. శ్రుతి నిలకడలో పోలికే లేదు. రికార్డు బెజ్జం మిల్లీమీటరులో సగం పక్కకి పడినా వీణ తీగ సాగదీసినట్టు ఊగుతుంది.

అయితే ఈ 96 డెసిబెల్స్ మనకెంత అక్కరకొస్తాయో కూడా చూడాలి. మే నెలలో రాజమహేంద్రవరంలో ఫ్యాను ఆపి పాట వినేవాళ్ళెవరు? ఫ్యాను మోతతో నడిచే గదిలో ఎప్పుడూ ఉండే కనీస శబ్దమే 40 డెసిబెల్స్ ఉంటుంది. దాని మీద 50 డెసిబెల్స్ పైకి పోయేసరికి పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూస్తారు. ఇక 1960లలో మద్రాసులో టేపు మీదకెక్కిన పాటలో ఉన్నదే 60 డెసిబెల్స్‌కి అటూ ఇటూ. కుంచెడు గింజలు పోయడానికి గాదె కట్టినట్టే సీడీ. గాదె మంచిదే, కాని గింజలు కుంచెడే. పాత పాటల విషయంలో సీడీకున్న ఆధిక్యం చాలావరకు ఖాళీగానే ఉండిపోతుంది.

వినైల్‌కి ఉందనే ‘వెచ్చదనం’ అబద్ధం కాదు. కాకపోతే అది పాటలో ఉన్నది కాదు, దారిలో చేరినది. ముల్లు గాడిలో జారేటప్పుడు ఒక శాతం ఆ ప్రాంతంలో వక్రీకరణ (అసలు శబ్దంలో లేనిది) చేరుతుంది. అందులో ఎక్కువ పాలు రెండో హార్మోనిక్, అంటే పైస్థాయిలోని అదే స్వరం. శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి చెవికి నిండుగా తోస్తుంది. రెండు చానళ్ళూ కొంచెం కలిసిపోవడంతో గొంతు మధ్యలో గట్టిగా నిలబడుతుంది. దీన్ని ఇష్టపడడంలో తప్పేమీ లేదు. పప్పులో ఇంగువ ఇష్టపడినట్టే. ఇంగువ కందిపప్పులోంచి వచ్చిందని వాదిస్తేనే తంటా.

మరి కొన్ని పాత రికార్డులు సీడీ కంటే నిజంగానే ఎందుకు బాగుంటాయి?

ఇదే అసలు ప్రశ్న. జవాబు డిస్కులో లేదు, మాస్టర్‌లో, అంటే డిస్కు తయారుచేసిన మూలప్రతిలో ఉంది.

1965లో ఒక పాట రికార్డు చేస్తే ఆ నెలలోనే తాజా టేపు నుంచి గాడి చెక్కారు. అదే పాట 1995లో సీడీ అయ్యేసరికి ఆ టేపుకి ముప్ఫై ఏళ్ళు నిండాయి. టేపు మీది పూత రాలుతుంది, చుట్టల మధ్య పక్క పొర శబ్దం అంటుకుంటుంది. కొన్నిటికి టేపే దొరకలేదు. ఇంకేదో కాపీ నుంచి తీశారు. తీసినవాళ్ళు గుస్సుమనే మోత పోవాలని పైశబ్దాలన్నీ కత్తిరించారు. మోతతో పాటు వయొలిన్ కమాను రాపిడీ, గాయకుడు ఊపిరి పీల్చిన చప్పుడూ పోయాయి. బోసిగా ఉందని కృత్రిమ ప్రతిధ్వని కలిపినవీ, మోనో పాటని చీల్చి దొంగ స్టీరియో చేసినవీ ఉన్నాయి. 1990ల నుంచి ఇంకో జాడ్యం పట్టుకుంది. పక్క సీడీ కంటే మనది గట్టిగా వినపడాలని చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే ఎత్తుకి నొక్కేయడం మొదలైంది. సీడీకి 96 డెసిబెల్స్ చోటుంటే పైన పది డెసిబెల్స్‌లోనే పాటంతా కుక్కారు. వినైల్‌లో అంత గట్టిగా చెక్కితే ముల్లు గాడిలో నిలవదు. కాబట్టి చెక్కేవాడు కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవలసిందే. మాధ్యమానికి ఉన్న ఆ బలహీనతే పాటని కాపాడింది.

ఇంకో సంగతి. రికార్డులో పాట నిడివీ సినిమాలో పాట నిడివీ ఒకటి కాకపోవచ్చు. వైపుకి ఇన్ని నిమిషాలనే లెక్కకి సరిపెట్టడానికి కత్తిరించిన పాటలు రికార్డుల్లో ఉంటాయి. సినిమాలో మాటలో మోతలో పడ్డ పాట రికార్డులో శుభ్రంగా ఉండొచ్చు. సీడీ చేసినవాళ్ళు సినిమా సౌండ్‌ట్రాక్ నుంచి తీశారో రికార్డు మాస్టర్ నుంచి తీశారో బట్టి మీరు వింటున్నదే వేరే పాట అయిపోతుంది.

కొత్తగా అచ్చేసి రెండు మూడు వేలకి అమ్మే ఎల్పీల విషయంలో మాత్రం కళ్ళు మూసుకోవద్దు. వాటిలో చాలావాటికి మూలం డిజిటల్ ఫైలే. సీడీకి వాడిన ఫైలునే గాడిగా చెక్కితే వచ్చేది సీడీ శబ్దానికి కొంచెం గరగర కలిపినదే. 2022లో అమెరికాలో పేరున్న ఒక రికార్డు సంస్థ, అచ్చంగా అనలాగే అని జనం నమ్మి కొంటున్న తన ఎల్పీల తయారీలో ఏళ్ళ తరబడి డిజిటల్ మెట్టు ఒకటి ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. అప్పటిదాకా ఆ ఎల్పీలని డిజిటల్‌ని తిట్టడానికి ఉదాహరణగా చూపించినవాళ్ళకి మాట పెగల్లేదు. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చిన పరీక్ష కూడా ఇదే తేల్చింది. సీడీ కంటే పెద్ద కొలతల డిజిటల్ శబ్దాన్ని నేరుగా ఒకసారి, 16 బిట్ల 44.1 కిలోహెర్ట్జ్ గుండా పంపి ఒకసారి వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

ఇంట్లో మీరే తేల్చుకోవాలంటే ఒక షరతు ఉంది. రెండిటి మోతా సమానం చేయాలి. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నది చెవికి ‘బాగుంది’ అనిపిస్తుంది గానీ ‘గట్టిగా ఉంది’ అనిపించదు. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, కుర్చీలో తల ఉండే చోట ఫోను ఉంచి, ఒకే చరణం దగ్గర రెండిటినీ అరడెసిబెల్ తేడాలోకి తెచ్చాక మార్చేపని ఇంకొకరికి అప్పగించి వినండి.

డెల్టాలో రికార్డు కొనేటప్పుడు

మన వైపు పాత రికార్డు దొరికితే ముందు చూడవలసింది అది ఇంట్లో పాడిందా, మైకు సెట్టులో పాడిందా అని. గుడి మీద బాకాలకీ, పెళ్ళి పందిళ్ళకీ తిరిగిన రికార్డు మీద సిరామిక్ కార్ట్రిజ్ 5 నుంచి 8 గ్రాముల బరువుతో కూర్చుని పాడింది. ఇప్పటి మాగ్నెట్ కార్ట్రిజ్ గాడి మీద మోపే బరువు 2 గ్రాముల దరిదాపు. ముల్లు అరిగినా మార్చకుండా పెళ్ళిళ్ళ సీజనంతా లాగించేస్తే అది గాడి గోడని ఉలిలా చెక్కేస్తుంది. అలాంటి రికార్డు లేబుల్ మీద కొట్టు పేరో వరస నంబరో రాసి ఉండొచ్చు. మధ్య బెజ్జం చుట్టూ సాలెగూడులా గీతలుంటే వందలసార్లు ఎక్కించి దించినట్టు లెక్క. దీపం ఏటవాలుగా పడేట్టు పట్టుకుంటే మంచి గాడి నల్లగా నిగనిగలాడుతుంది, అరిగినది బూడిద పూసినట్టు ఉంటుంది. పైపై గీతలకి భయపడనక్కర్లేదు. గోటికి తగిలే గీత మాత్రం టిక్కు టిక్కుమంటుంది. బూడిద రంగుకి మందు లేదు.

సగం మందు ఒకటుంది. గుండ్రటి ముల్లు అరగదీసింది గోడలో ఒక ఎత్తు దగ్గరే. సన్న అంచున్న ముల్లు అదే గాడిలో ఇంకో ఎత్తున ఆనుతుంది. అక్కడ గోడ ఇంకా బాగానే ఉండొచ్చు. మోనో రికార్డైతే ఆంప్లిఫయరు మీద మోనో బటన్ నొక్కండి. పాట పక్క ఊపులోనే ఉంటుంది కాబట్టి పైకీ కిందకీ ఊగడం వల్ల పుట్టే రొద రద్దయిపోతుంది. పాత తెలుగు ఈపీ వినేవాళ్ళకి పైసా ఖర్చు లేకుండా దొరికే పెద్ద లాభం ఇదే, అయినా వాడేవాళ్ళు తక్కువ.

తేమ మన ప్రాంతపు ప్రత్యేకత. ఒక మేలు చేస్తుంది. పొడి ఊళ్ళలో రికార్డుకి పట్టే స్థిర విద్యుత్తు, దానివల్ల వచ్చే చిటపటలు మనకి తక్కువ. బదులుగా బూజు పడుతుంది. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటితే కాగితం కవర్లోంచి బూజు గాడిలోకి దిగుతుంది. తెల్లగా, చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది. అది పొడి గుడ్డకి పోదు. తుడిస్తే గాడిలోకి ఇంకా దిగుతుంది.

కడగడానికి లీటరు మందు ఇలా కలపండి: 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 200 మిల్లీలీటర్ల 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగూ వాసనా లేని గిన్నెల సబ్బు ద్రవం రెండు మూడు చుక్కలు. చుక్కలు ఎక్కువైతే ఎండాక గాడిలో జిగురు మిగిలి ముల్లుకి అంటుకుంటుంది. కోనసీమ బోరు నీళ్ళు వద్దే వద్దు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ అందులో ఉప్పు పెరుగుతుంది. ఆరాక ఆ ఉప్పే గాడిలో ఇసకలా మిగులుతుంది. క్యాను నీళ్ళలోనూ కొంత ఉంటుంది. లేబుల్‌ని తడవకుండా మూత లాంటిదానితో కప్పి, మెత్తని సన్న వెంట్రుకల బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా మూడు నాలుగు చుట్లు తిప్పి, ఒక నిమిషం నాననివ్వండి. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. నిలబెట్టి ఆరబెట్టాలి. ఫ్యాను కింద మాత్రం కాదు, ఫ్యాను దుమ్మంతా తడి గాడిలో దిగుతుంది. కడిగిన రికార్డుని మళ్ళీ పాత కాగితం కవర్లోనే పెడితే చేసిందంతా వృథా. పాలిథీన్ లోపలి కవరు కొత్తది వేయండి. అట్టని ఎండలో పెట్టొచ్చు, రికార్డుని కాదు.

పైన చెప్పిన మందు 78 రికార్డుకి విషం. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బుతో తడిపి, వెంటనే కడిగి, వెంటనే తుడిచేయాలి. ఈ కాలపు ఎల్పీ ముల్లుతో 78 పాడించకూడదు కూడా. దాని గాడి మూడింతలు వెడల్పు. సన్న ముల్లు అడుగున దుమ్ములో ఈదుతుంది. 78కి 70 మైక్రాన్ల దరిదాపు ముల్లు వేరే దొరుకుతుంది.

వేడి మాటకొస్తే, రికార్డులకి అటక కంటే చెడ్డ చోటు లేదు. 1986 ఆగస్టు వరద లాంటివి వచ్చినప్పుడు అటక మీద పెట్టినవే మిగిలాయన్నది నిజమే. మామూలు రోజుల్లో మాత్రం పెంకుల కింది వేడికి వినైల్ మెత్తబడి, పడుకోబెట్టిన దొంతరలో కింది రికార్డు చేటలా వంగుతుంది. కింది గదిలో, గోడకి జానెడు ఎడంగా ఉన్న అలమారలో నిటారుగా నిలబెట్టండి. వంగిన రికార్డుని రెండు మందపాటి అద్దం పలకల మధ్య పెట్టి పైన బరువు ఉంచి, మే నెలలో నీడ గదిలో మూడు వారాలు వదిలేస్తే కొంత లొంగుతుంది. తొందరపడి ఎండలో పెడితే గాడే పోతుంది. బట్టల అలమారలో పెట్టేవాళ్ళు కలరా ఉండలు తీసేయండి. వాటి ఆవిరి సీడీ పెట్టె ప్లాస్టిక్‌ని కరిగించి జిగురు చేస్తుంది.

ప్లేయరు

పాత ప్లేయరు తిరగడం నెమ్మదించిందంటే చాలాసార్లు మోటారు పోలేదు, ఇరుసులో గ్రీజు గట్టిపడింది. పాతది ఆల్కహాల్‌తో తుడిచి కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు వేయండి. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనే, కాని అది చల్లబడితే పేరుకుంటుంది, పాతబడితే జిగురవుతుంది. బెల్టు జిడ్డుగా సాగితే మార్చడమే. ఉప్పుగాలి ఊళ్ళలో ఒక వైపు పాట వచ్చి పోతూ ఉంటే కార్ట్రిజ్ వెనక నాలుగు పిన్నులకి చిలుము పట్టినట్టు. పీకి, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి పెట్టండి.

అమెరికా నుంచో సౌదీ నుంచో చుట్టాలు తెచ్చిన ప్లేయరు విషయంలో ఒక వల ఉంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. పాతకాలపు ఏసీ మోటారైతే 33⅓ కాస్తా 27.8 అయిపోయి, పాట హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి జారుతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ వేయిస్తే సరిపోతుంది. డీసీ మోటారుకీ క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌కీ ఈ బాధ లేదు.

అమర్చేటప్పుడు మొదట బల్ల మట్టం చూడండి. తర్వాత ముల్లుని మోసే చేతికర్రని (టోన్ఆర్మ్) గాల్లో తేలేట్టు వెనక బరువు తిప్పి, అక్కడ అంకెని సున్నా చేసి, కార్ట్రిజ్ కాగితంలో చెప్పిన గ్రాములకి తిప్పండి. ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8. గాడి పాడవుతుందని భయపడి తక్కువ పెడతారు చాలామంది. అదే తప్పు. తేలికైన ముల్లు పెద్ద శబ్దం దగ్గర ఎగిరి పడుతుంది, ఆ దెబ్బలకే గాడి ఎక్కువ పాడవుతుంది. తర్వాత ముల్లు లోపలికి లాగబడకుండా ఆపే యాంటీ స్కేటింగ్‌ని అదే అంకెకి పెట్టండి. కోడిగుడ్డు ముల్లు ఆయుష్షు 300 గంటలు, రోజుకి ఒక ఎల్పీ వింటే ఏడాది పైన. హమ్‌మని మోగుతుంటే నేల తీగ ఆంప్లిఫయరు వెనక మరకి బిగించలేదన్నమాట. ఇక బ్లూటూత్ ప్లేయర్ల గురించి ఒక్క మాట చాలు. పాట గాలిలోకి ఎక్కేముందే డిజిటలై, కుదించుకుపోయి మరీ వెళుతుంది.

సీడీలకీ మన తేమ పగే. అంచు నుంచి తడి దిగితే లోపలి అల్యూమినియం పొర తింటుంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే సూది బెజ్జాల్లా వెలుగు కనిపిస్తుంది. కింది వైపు గీత కంటే పైన బొమ్మ వైపు గీతే ప్రమాదం, ఎందుకంటే పొర ఆ పలచని వార్నిష్ పూత కిందే ఉంది. తుడిచేటప్పుడు రికార్డులా గుండ్రంగా తుడవకూడదు. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. తప్పుల్ని దిద్దే లెక్క ట్రాకు వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీని పూడ్చుకోగలదు. అడ్డగీత దాన్ని ఒక్క క్షణం దాటిపోతుంది, గుండ్రటి గీత ట్రాకు వెంబడే పోయి పూడ్చలేనంత పొడవు చెరుపుతుంది.

మంచి రికార్డు చేతికి చిక్కితే కడిగిన రోజునే ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, అతి పెద్ద శబ్దం గరిష్ఠానికి 6 డెసిబెల్స్ కిందే ఉండేట్టు. ఆ ఫైలుని ముట్టుకోవద్దు. చిటపటలు తీసేది దాని కాపీ మీద. తర్వాత దాన్ని 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించి, రికార్డుతో పాటు వంతులవారీగా వినండి. మీ రికార్డులో ‘వెచ్చదనం’ అనుకున్నదంతా ఆ సీడీ కొలతలోనూ వినపడుతుంటే, ఇన్నాళ్ళూ మీకు నచ్చనిది సీడీ కాదు, ఆ సీడీని తయారు చేసినవాళ్ళ పని. ఫైలు పేరులో పాట పేరుతో పాటు లేబుల్ పక్కన గాడి లేని నల్లపట్టీలో చెక్కిన నంబరు కూడా రాసుకోండి. అదే పాట ఇంకో అచ్చులో దొరికితే ఏది దేన్నుంచి వచ్చిందో పోల్చుకోవడానికి పనికొచ్చేది అదొక్కటే.